ఛాయాయంత్రము – తాకట్టు



కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22వ తేదీన కుంఫిణీవారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని ఉరితీసిరి. మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో ఈ సంగతి తెలియని పెద్ద లేడు. ఆయన శిరస్సును కోటగుమ్మమునకు వ్రేలాడదీసి ఏండ్ల తరబడి ఉంచిరనియు మనవారు చెప్పుకొందురు. కాని ఆ రెడ్డిగారి ముఖమెట్టిదో చెప్పగలవాడు నేడొక్కడును లేడు. మనము గోడలకు తగిలించుకొన్న పటములన్నియు చిత్రకారుల ఊహలే. ఛాయాచిత్ర విద్యను పారిసు నగరమున లోకమునకు ప్రకటించినది 1839లో. అనగా రెడ్డిగారు ఉరికంబ మెక్కునాటికి ఆ విద్య పుట్టి ఎనిమిదేండ్లు కావచ్చినది. కలకత్తాకు యంత్రములు అప్పటికే చేరినవి. కోవెలకుంట్లకు మాత్రము చేరలేదు. దూరమొక్కటే దానికి కారణము కాదు. ఆ యంత్రము కొనగలవాడును, మోయించగలవాడును ఈ ప్రాంతమున లేకపోయెను.

ఆనాటి ఛాయాయంత్రమనగా నేడు మన మనుమల చేతులలో ఆడుచున్న ఫోనువంటిది కాదు. చిన్న పటము తీసి పెద్దది చేసికొనుట అప్పటికి వాడుకలోనికి రాలేదు. పటము ఎంత పెద్దది కావలెనో పెట్టెయు అంత పెద్దదిగా ఉండవలెను. జానెడు పటము తీయువానికి జానెడున్నర పటము తీయు పెట్టెపై కన్ను పడును. అది కొన్నచో దానికి తగిన అద్దము, దానికి తగిన ముక్కాలిపీట, దానికి తగిన మందులు, మోయుటకు తగిన బండి కావలసివచ్చును. ఈ విద్యలో తృప్తి యనునది లేకపోవుట నేటి మాట కాదు. అది దానితోనే పుట్టినది.

మద్రాసు ప్రభుత్వమువారు 1856లో లినియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని తమ ఛాయాచిత్రకారునిగా నియమించిరి. ఆయన ఎద్దుబండ్లమీద సామగ్రి నెక్కించుకొని శ్రీరంగము, తంజావూరు, మధుర మొదలగు క్షేత్రములు తిరిగి, ఆలయములను, కోటలను పటములుగా తీసెను. అవి నేటికిని చూడదగినవి. కాని ఎంతకాలము సాగినది? సిపాయీల తిరుగుబాటు తరువాత ఖజానా ఒట్టిపోయెను. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెలియన్ దొర లెక్కలు చూచి, ఇది మన స్థితికి మించిన విలాసమని తలచి ఆ పని ఆపించెను. రాజ్యమేలువారికే ఛాయాయంత్రము శక్తికి మించినదైనప్పుడు సామాన్యుని మాట చెప్పవలసిన పని లేదు.

ఆ తరువాత సంగతులు వేగముగా మారినవి. 1880 దాటునప్పటికి మందు ముందుగనే పూసి ఆరబెట్టిన గాజుపలకలు అంగళ్లలో దొరకసాగెను. నిజాముగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ సికిందరాబాదున గొప్ప చిత్రశాల నెలకొల్పెను. అమెరికాలో ఈస్ట్‌మన్ అను నాతడు 1888లో కొడాక్ పెట్టెను, 1900లో ఒక్క డాలరు వెలగల బ్రౌనీ పెట్టెను అమ్మకమునకు పెట్టెను. వెల తగ్గినకొలది కోరిక తగ్గవలెను గదా! అట్లు కాలేదు. పెట్టె చవుకయైనప్పుడు కోరిక పెట్టెను వదలి కదలు బొమ్మలమీదికి పోయెను. నేనీనాడు చెప్పదలచిన కథ ఆ మార్పు జరిగిన కాలమునకు చెందినది.

దానికి ముందొక మాట. మా కొత్తపల్లెలో పెండ్లిండ్లకు ఫోటోలు తీసి బ్రతుకు యువకుడొక డున్నాడు. పని తెలిసినవాడు, మాటయు మంచిది. ఉన్న కెమెరాతో నాలుగేండ్లు పని గడుపుకొన్నాడు. ఇప్పుడు క్రొత్తది కావలెనని కూర్చున్నాడు. దాని కటకములతో కలిపి మూడు లక్షల పైమాట. తండ్రి రెండెకరముల మెట్ట తాకట్టు పెట్టవలెనా, వలదా యని నన్నడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మన సీమలో బోర్లు వేయించినవారి గతి మనమందరము చూచినదే. మొదటి బోరున నీరు పడలేదని రెండవది, అది ఎండెనని మూడవది. ప్రతి దానికి ముందటిదానికన్న మరి వంద అడుగులు లోతు. నీరుపడిన పొలమును చూచినప్పుడు వేయించినవాడు బుద్ధిమంతుడనిపించును. పడనివాని పొలమును చూచినప్పుడు అదే పని వెఱ్ఱియనిపించును. పని ఒక్కటే. అందుచేత ఆ తండ్రికి జవాబు వెదకుకొనుచు రఘుపతి వెంకయ్యగారి చరిత్ర మరల చదివితిని.

రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో బందరున జన్మించిరి. ఎలప్రాయమున చేతిపనిలో నేర్పుమాత్రమే పెట్టుబడిగా మద్రాసు చేరిరి. ఛాయాచిత్ర విద్య నేర్చి మౌంటురోడ్డున సొంత చిత్రశాల పెట్టిరి. మౌంటురోడ్డనగా దొరల అంగళ్లుండు వీథి. అచ్చట ఒక తెలుగువాడు ఫోటోల అంగడి పెట్టి నిలద్రొక్కుకొనుట సామాన్యము కాదు. నలుబది యేండ్ల వయస్సు వచ్చునప్పటికి ఇల్లు, అంగడి, పేరు, నాలుగు రాళ్లు అన్నియు సమకూడెను. అంతటితో ఆగియుండినచో ఆయన సుఖముగా జీవించియుండును. మన మీనాడు ఆయన పేరు తలచుకొనవలసిన పనియు లేకపోవును.

1909 ప్రాంతమున ఆయన ఒక పత్రికలో క్రోనో మెగాఫోను అను యంత్రమును గూర్చిన ప్రకటన చూచెను. ఫ్రాన్సు దేశపు గామోంట్ కంపెనీవారు చేసిన యంత్రమది. తెరమీద బొమ్మ కదలుచుండగా, ప్రక్కనే గ్రామఫోను పళ్లెమునుండి ఆ బొమ్మకు తగిన పాటయో మాటయో వినవచ్చును. పళ్లెము, బొమ్మచుట్ట ఒకే వేగమున తిరుగునట్లు రెంటిని జతచేయుదురు. ధ్వని సభ కంతటికి వినబడుటకు ఒత్తిడి గాలి వాడుదురు. టాకీలు రాకముందు టాకీవంటి దిది. దాని వెల 30,000 రూపాయలు.

ఈ అంకెను ఊరకే వినిపోరాదు. ఆనాడు సవరను ఒకటింటికి 15 రూపాయలు. కావున 30,000 రూపాయలనగా 2,000 సవరనులు. సవరను దాదాపు ఎనిమిది గ్రాములు. అనగా పదునారు కిలోలకు కొంచెము తక్కువగా ఇరువదిరెండు కారట్ల బంగారము! అంత ధనము ఫోటోలు తీసికొని బ్రతుకువాని పెట్టెలో ఎక్కడిది? వెంకయ్యగారు తన చిత్రశాలను తాకట్టు పెట్టి ఆ యంత్రమును తెప్పించిరి. అన్నము పెట్టుచున్న కెమెరాను కుదువబెట్టి, అన్నము పెట్టునో పెట్టదో తెలియని యంత్రమును కొనిరన్నమాట. ఇంటివారేమనిరో, బంధువులేమనిరో చరిత్ర చెప్పదు. మనమూహించుకొనవచ్చును.

1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలున ఆ యంత్రముతో ప్రదర్శనము లిచ్చిరి. జనము విరగబడి చూచిరి. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఆనాటి బొమ్మచుట్టలు మిక్కిలి పొట్టివి. కొలది నిమిషములలో ముగియును. కొత్తవి సముద్రము దాటి రావలెను. ఒకమారు చూచినవాడు అదే బొమ్మకు మరల అణా ఖర్చుపెట్టడు. బొమ్మను మార్చలేనివాడు ఊరిని మార్చవలెను. అందుచే వెంకయ్యగారు యంత్రమును, గుడారమును వెంటబెట్టుకొని బెంగుళూరు, బెజవాడ మొదలగు పట్టణములు తిరిగిరి. సింహళము, బర్మా దేశములకును పోయి రంగూను, పెగూ నగరములలో ప్రదర్శించిరి. మన తోలుబొమ్మలవారు సంసారమంతయు బండి కెక్కించుకొని ఊరూర తిరిగినట్లే. అయితే తోలుబొమ్మలవాని పెట్టెపై వడ్డీ పెరగదు.

ఈ తిరుగుడున గడించిన ధనముతో ఆయన అప్పులు తీర్చి ఇంట కూర్చుండలేదు. మద్రాసున గెయిటీ అను సినిమాశాల కట్టించిరి. ఆ నగరమున భారతీయుని సొత్తుగా వెలసిన మొదటి సినిమాశాల యదియే. తరువాత మింటువీధిలో క్రౌను, పురసవాకమున గ్లోబు. ఈ నడుమ ఒక సంగతి జరిగెను. దానిని యంత్రములు కొనువారందరు గమనింపవలెను. పదునారు కిలోల బంగారమునకు తూగిన ఆ క్రోనో మెగాఫోను పాతబడిపోయెను. పళ్లెమునకును బొమ్మకును పొత్తు కుదరక పెదవులొకవైపు, పాట యొకవైపు పోవుచుండెను. లోకము పొడుగైన మూకీ బొమ్మలవైపు మరలెను. గామోంట్ కంపెనీవారే కాలక్రమమున ఆ పద్ధతిని విడిచిరి. యంత్రము చెడలేదు, కాలమే దానిని దాటిపోయెను. వెంకయ్యగారిని కాపాడినవి ఆ యంత్రము కాదు, దానితో వచ్చిన ధనమును పెట్టి కట్టించిన శాలలు. తాకట్టు లెక్కలో నేను మిక్కిలి విలువ నిచ్చున దీ సంగతికే.

ఇక ఇతరుల ధైర్యమును కొంచెము చూడవలెను. దాదాసాహెబు ఫాల్కేగారు 1912లో జీవితబీమా పత్రములను కుదువబెట్టి లండను పోయి విలియమ్‌సన్ కెమెరా తెచ్చిరి; 1913లో రాజా హరిశ్చంద్ర తీసిరి. కీర్తి వచ్చినది గాని కడపటి దినములు లేమిలో గడచినవి. తిరుచిరాపల్లి రైల్వేలో చిన్న గుమాస్తాయైన సామికణ్ణు విన్సెంటుగారు 1905లో ఊరు విడిచి పోవుచున్న ఫ్రెంచివాని యొద్ద వాడిన యంత్రమును సుమారు 2,000 రూపాయలకు కొనిరి. క్రొత్తది కోరలేదు. దానితోనే గుడారములు వేసి తిరిగి, కోయంబత్తూరున శాల కట్టి, బాగుగా స్థిరపడిరి. ఇద్దరిలో ఎవరు గొప్ప యని నన్నడిగినచో, చరిత్ర వ్రాయువాడు ఫాల్కేగారి పేరు చెప్పును, కోడలిని తెచ్చుకొనువాడు విన్సెంటుగారి ఇంటిని వెదకును.

వెంకయ్యగారు ఫాల్కేగారి త్రోవవారు. ఇతరులు తీసిన బొమ్మలను చూపుట ఆయనకు చాలలేదు. మన బొమ్మను మనమే తీయవలెనని పట్టుపట్టిరి. కుమారుడు ప్రకాశుగారిని ఆ విద్య నేర్చుకొనుటకు ఇంగ్లండు పంపిరి. ఆయన అటనుండి జర్మనీ మొదలగు దేశములును చూచి, 35 మిల్లీమీటర్ల విలియమ్‌సన్ కెమెరాతో తిరిగివచ్చెను. తండ్రీకొడుకులు మద్రాసున స్టార్ ఆఫ్ ది ఈస్టు అను సంస్థ స్థాపించి, గాజుకప్పు వేసిన స్టూడియో కట్టిరి. గాజుకప్పు డాబు కొరకు కాదు. ఆనాటి ఫిల్ముకు వెలుతురు చాల కావలెను, ఎండయే దీపము. మబ్బు పట్టిన దినమున పని ఆగును, జీతములు ఆగవు. 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూకీ చిత్రము వెలువడెను. ప్రకాశుగారే దర్శకుడు, ఆయనయే భీష్ముడు. తెలుగువాడు తీసిన మొదటి కథాచిత్ర మది.

వారి కడ పని నేర్చిన చిత్తజల్లు పుల్లయ్యగారు కాకినాడ పోయి అక్కడ తానును కెమెరా త్రిప్పిరి. తరువాత ఆయన తీసిన సతీసావిత్రి 1933లోను, లవకుశ 1934లోను ఊరూర ఆడినవి. లవకుశ చూచుటకు బండ్లు కట్టుకొని పోయినట్లు చెప్పిన ముసలివారిని నా చిన్నతనమున నేనెరుగుదును. వెంకయ్యగారి అప్పుపై వచ్చిన ఫలములో కొంత ఈ విధముగా ఇతరుల ఇండ్లకు చేరెను. ఆయన ఇంటికి మాత్రము చేరలేదు. స్టూడియోకు పెట్టిన ధనము తిరిగి రాలేదు. అప్పులు శాలలను మ్రింగెను. 1941లో ఆయన మరణించునప్పటికి తాను కట్టినవి తనవిగా మిగులలేదు.

ఈ కథ చదివినపిమ్మట మా ఊరి తండ్రితో మూడు మాటలు చెప్పితిని. నీ కొడుకు కోరిక తప్పు కాదు, అది ఆ విద్యకు సహజము. కాని ఇప్పుడున్న కెమెరాతో తీయలేని ఏ పని క్రొత్తదానితో తీయునో, ఆ పనికి డబ్బిచ్చువారు ఎందరో, వారి పేర్లతో కాగితముమీద వ్రాసి తెమ్మనుము. వ్రాయగలిగినచో వాడినది వెదకి కొనుము, భూమి జోలికి పోకుము. ఇవి విన్సెంటుగారి మాటలే గాని వెంకయ్యగారి మాటలు కావని నాకును తెలియును. రెండెకరములు మాత్రమే కలవానికి వెంకయ్యగారి త్రోవ చూపుటకు నాకు నోరు రాలేదు. ఆ యువకుడు కాగితము తెచ్చినాడు. పదునొకండు పేర్లు వ్రాసినాడు. అందులో నాలుగు మా ఊరివే, ఆ నలుగురికి ఇంకను పెండ్లి సంబంధములు కుదరలేదు.

1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు చలనచిత్రములకు జీవితకాల సేవ చేసినవారికి వెంకయ్యగారి పేరిట పురస్కార మేర్పరచిరి. మొదట దానిని అందుకొన్నవారు ఎల్. వి. ప్రసాదుగారు. భీష్మప్రతిజ్ఞ ప్రతి యొక్కటియు నేడు మిగులలేదు.