అచ్యుతాపురం మెయిన్ రోడ్డు, మన సంత

ఏ ఊరి సంగతి తెలియాలన్నా ముందు ఆ ఊరి మెయిన్ రోడ్డు మీద కాసేపు నిలబడాలి. ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ఎవరు కూలికి పోతున్నారు అన్నది అక్కడే తెలుస్తుంది.

కొండ మీద మనకు అలాంటి వీధి లేదు. మనకు ఉన్నది వారపు సంత. పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు మోసుకెళ్లి ఉప్పు, బట్టలు తెచ్చుకునేవాళ్లం. చుట్టాల కబుర్లు, పెళ్లి మాటలు అక్కడే సాగేవి. పొద్దుగూకేసరికి ఆ చోటు ఖాళీ అయిపోయేది. రోడ్లు వచ్చాక మాత్రం షావుకారి దుకాణం అక్కడే పాతుకుపోయింది.

ఆ రోడ్లకు రాళ్లు మోసింది మన పెద్దలు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిని బలవంతంగా రోడ్డు పనికి తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద జరిగిన దాడి వెనుక ఆ కడుపుమంట కూడా ఉంది. తర్వాత దళారుల తూకం నుంచి కాపాడేందుకు 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది.

ఇక మైదానానికి వద్దాం. 2022 ఏప్రిల్ 4 వరకు పాడేరు, అచ్యుతాపురం ఒకే విశాఖ జిల్లాలో ఉండేవి. అచ్యుతాపురం ఒకప్పుడు వ్యవసాయంతో బతికిన ఊరు. ప్రత్యేక ఆర్థిక మండలి, వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ దుస్తుల పార్కు వచ్చాక దాని మెయిన్ రోడ్డు మారిపోయింది. ఇప్పుడు షిఫ్టు వేళకు కంపెనీ బస్సులు, టిఫిన్ బళ్లు, అద్దె గదుల బోర్డులతో నిండిపోతుంది.

ఆ జనంలో మన దగ్గర చదువుకున్న పిల్లలు కూడా కనిపిస్తారు. "బాగున్నారా మాస్టారూ" అని పలకరించి బస్సెక్కేస్తారు. జీతం ఇంటికి పంపుతున్నందుకు మాకు సంతోషమే. కానీ ఆ వీధి పొడవునా ఉన్న దుకాణాల బోర్డుల్లో మనవాళ్ల పేరు ఒక్కటీ మా కంటపడలేదు. అప్పుడు రోడ్డు వేసింది మనం, ఇప్పుడు షిఫ్టులు నింపుతున్నదీ మనం. దుకాణం మాత్రం మనది కాదు, వీధి చరిత్రలో మన పేరూ లేదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మీ సంత ఎప్పుడు మొదలైంది, రోడ్డుకు ఎవరు రాళ్లు మోశారు, మొదటి దుకాణం ఎవరిది అని పిల్లల చేత పెద్దలను అడిగించి రాయించండి. తన వీధి కథ తెలిసిన పిల్లవాడు రేపు ఏ ఊరి వీధిలోనైనా తలెత్తుకుని నడుస్తాడు. అక్కడ తన పేరుతో ఒక బోర్డు పెట్టుకునే ధైర్యం కూడా తెచ్చుకుంటాడు.