సీకేడీయూలో ఆ 'యూ' అంటే ఏంటి? ఉద్దానం జబ్బు పేరు వెనక కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక్క అక్షరం గురించి. ఇంగ్లీషులో 'యూ'. దాని మీద ఇరవై నిమిషాలు ఏం మాట్లాడతావురా అని ఎడిటింగ్ చేసే మా ఫ్రెండ్ నవ్వాడు. చూద్దాం.

మా ఊరు నౌపడ. తెలియనివాళ్ళకి, ఉప్పు మడుల ఊరు. గుణుపూర్ రైలు మెయిన్ లైన్ నుంచి విడిపోయే జంక్షన్. అక్కడ మా పెదనాన్న మూడేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి రెండుసార్లు వెళ్ళి రావడం, చేతి మీద ఫిస్టులా ఉబ్బు, గ్లాసుతో కొలిచి తాగే నీళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ ఆయన ఫైలు నా చేతిలో పెట్టి, "నువ్వు బీటెక్ సదివావు కదా, ఈ ఎటియాలజీ అంటే ఏటి బాబూ?" అనడిగింది.

కారణం పెద్దమ్మా, అన్నాను. జబ్బు ఎందుకొచ్చిందో అది.

"మరి కారణం దగ్గర ఏటి రాసారు?"

హైపర్‌టెన్షన్ అని రాసి, పక్కన చిన్న క్వశ్చన్ మార్క్ పెట్టారు. బీపీ అని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. "కిడ్నీలు పోయాకే బీపీ వొచ్చింది ఆయనకి. ముందు బీపీ ఏటీ లేదు" అంది. హైదరాబాద్ తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను. కిడ్నీ డాక్టర్లు చెప్పే మాట ఏంటంటే రెండూ జరుగుతాయి. బీపీ వల్ల కిడ్నీ పాడవుతుంది, కిడ్నీ పాడైతే బీపీ పెరుగుతుంది. జబ్బు చివరి స్టేజ్‌లో మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళిన మనిషిలో ఏది ముందొచ్చిందో చెప్పడం చాలా కష్టం. అంటే పెద్దమ్మ డౌట్ అర్థం లేనిది కాదు.

ఇప్పుడు ఆ 'యూ' దగ్గరికి వద్దాం. నౌపడలో ప్యాసింజర్ ఎక్కితే కాసేపట్లో పూండి, ఆ తర్వాత పలాస. అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కన ఉన్న కొబ్బరి, జీడి తోటల నేలే ఉద్దానం. ఉద్యానం అనే మాటలోంచే ఆ పేరొచ్చిందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. ఈ ఏడు మండలాల పేర్లు మీరు న్యూస్‌లో కిడ్నీ జబ్బుతో కలిపే విని ఉంటారు. ఇక్కడి జబ్బుకి పరిశోధన పేపర్లలో ఉన్న పేరు సీకేడీయూ. సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ఆ పేరే పెద్ద పాతది కాదు. 2002లో అమెరికన్ కిడ్నీ ఫౌండేషన్ గైడ్‌లైన్స్ వచ్చాక స్థిరపడింది. అంతకుముందు క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ అనేవాళ్ళు. చివరి 'యూ' కారణానికి సంబంధించింది. కారణం 'అన్‌నోన్', అంటే తెలియదు.

అయితే అన్ని చోట్లా అది 'అన్‌నోన్' కాదు. 2018 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం మద్దతుతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉద్దానంలో చేసిన స్టడీ పేరు 'స్టాప్ సీకేడీయూ ఏపీ'. దాని పూర్తి పేరులో 'యూ' అంటే 'అన్‌డిటర్మిన్డ్', ఇంకా తేల్చనిది. 2019లో మన డాక్టర్ల టీమ్ ఉద్దానం మీద వేసిన ఇంకో పేపర్ టైటిల్‌లో 'అన్‌నోన్'. అమెరికాలో ఎన్‌ఐహెచ్ కింద కిడ్నీ జబ్బులు చూసే సంస్థ ఇదే జబ్బు మీద పెట్టిన రీసెర్చ్ గ్రూప్ పేరు 'క్యూర్'. అందులో 'యూ' అంటే 'అన్‌సర్టన్', ఖాయంగా చెప్పలేనిది. ఒకే అక్షరానికి మూడు మాటలు. ఇంగ్లీష్ వొకాబులరీ క్లాస్‌లా ఉందా? ఉండండి. 'తెలియదు' అన్నాక మాట అయిపోతుంది. 'తేల్చలేదు' అంటే ఎవరో తేల్చాలి, ఆ పని పెండింగ్‌లో ఉంది. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా. మా టికెట్లలో రూట్ కాజ్ అని ఒక కాలమ్ ఉండేది. అక్కడ 'అన్‌నోన్' అని రాసి టికెట్ క్లోజ్ చేస్తే మేనేజర్ ఊరుకునేవాడు కాదు. 'అండర్ ఇన్వెస్టిగేషన్' అని రాస్తే టికెట్ ఓపెన్‌గానే ఉండేది, రోజూ పొద్దున్న మీటింగ్‌లో దాని గురించి అడిగేవాళ్ళు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం, వందేళ్ళు. ప్రభుత్వ డబ్బుతో జబ్బుల మీద పరిశోధన మన దేశంలో ఒక పద్ధతిగా మొదలైంది 1911లో, ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌తో. అదే 1949లో ఐసీఎంఆర్ అయింది, కోవిడ్ టైంలో రోజూ విన్న ఐసీఎంఆర్. అప్పట్లో వాళ్ళు డబ్బిచ్చిన పనుల్ని 'ఎంక్వైరీ' అనేవాళ్ళు. ఆ మాట నాకు బాగా నచ్చింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టర్ కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన పని పేరు 'బెరిబెరి ఎంక్వైరీ'. మరి బెరిబెరి మన దేశంలో ఎక్కువ ఉన్నదెక్కడ? ఉత్తర సర్కారుల్లో. అంటే ఇప్పటి కోస్తా ఆంధ్ర. మన తీరం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, ఆ సర్కారుల పై చివర.

బెరిబెరి అంటే కాళ్ళు మొద్దుబారి, ఉబ్బి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. ఆ మాట సింహళ భాషదని, బలహీనత అని అర్థమని చెబుతారు. అంటే పేరులో కారణం లేదు, రోగి పడే బాధ మాత్రమే ఉంది. కారణం తర్వాత బయటపడింది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో థయామిన్ అనే విటమిన్ పోతుంది. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు అంతగా రాలేదు. కూనూరు ఎంక్వైరీ 1920ల మొదట్లో డబ్బుల్లేక దాదాపు మూతపడబోయింది. తర్వాత 'డెఫిషియెన్సీ డిసీజెస్ ఎంక్వైరీ' అని పేరు పెరిగింది, 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది, 1958లో హైదరాబాద్ వచ్చింది. తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్ అదే. నేను రోజూ బస్సులో దాని ముందు నుంచే వెళ్ళేవాణ్ణి, మా తీరం జబ్బుతో దానికి చుట్టరికం ఉందని తెలియకుండా.

ఇక్కడ పేరు మారిన తీరు చూడండి. బెరిబెరి అన్నంత కాలం అది రోగి సమస్య. డెఫిషియెన్సీ, అంటే లోపం అనగానే తిండిలో ఏం తగ్గిందని అడగొచ్చు, మిల్లుని అడగొచ్చు, రేషన్‌ని అడగొచ్చు. 1937లో నెల్లూరు జిల్లాలో ఇంకోటి జరిగింది. ఎముకలు బిగుసుకుపోయి వంగిపోతున్నవాళ్ళని చూసి షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ పేపర్ వేశారు, టైటిల్‌లోనే 'ఎండెమిక్ ఫ్లోరోసిస్' అని. ఫ్లోరైడ్ పేరు జబ్బు పేరులోనే వచ్చేసింది. ఇక ఎవరూ కారణం తెలియదనలేరు. తర్వాత నల్గొండలో నీళ్ళ కోసం ఎన్ని దశాబ్దాలు కొట్లాడారో మీకు తెలుసు. అడగడానికి వాళ్ళకి ఒక మాటైనా ఉంది, నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, మంచి నీళ్ళివ్వండి అని.

జపాన్‌లో 'ఇటాయ్ ఇటాయ్' జబ్బు అని ఉండేది. 'నొప్పి, నొప్పి' అని అర్థం. 1968లో అక్కడి ప్రభుత్వం కారణం కాడ్మియం అని, అది పైన గనిలోంచి నదిలోకి వస్తోందని అధికారికంగా ఒప్పుకుంది. మూడేళ్ళకి బాధితులు కోర్టులో గెలిచారు. కారణానికి పేరొచ్చాక డబ్బు కట్టాల్సినవాడికి కూడా పేరొచ్చింది.

అయితే ఏదో ఒక కారణం రాసేసి 'యూ' తీసేయొచ్చు కదా? అక్కడే ప్రమాదం. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుని 1950ల్లో గుర్తించారు. పేరు 'బాల్కన్ ఎండెమిక్ నెఫ్రోపతీ'. ఎండెమిక్ అంటే ఆ చోటికే అంటుకుని ఉండేది. దశాబ్దాలు ఒకటి తర్వాత ఒకటి అనుమానాలు నడిచాయి. 2007 ప్రాంతంలో బలమైన ఆధారం దొరికింది. గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసి, అందులోని అరిస్టోలోకిక్ యాసిడ్ కిడ్నీల్ని తినేసింది. యాభై ఏళ్ళు పట్టింది. మధ్యలో ఎవరైనా తొందరపడి నీళ్ళేనని ముద్ర వేసి ఉంటే, కలుపు మొక్క వైపు ఎవరు చూసేవాళ్ళు?

ఉద్దానంలో నీళ్ళు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశంలో ఉన్నది, అన్నీ అనుమానాల్లో ఉన్నాయి. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2013లో తాగునీటి పాత్ర మీద పేపర్ వేశారు. స్టాప్ సీకేడీయూ వాళ్ళు రెండు వేలకి పైగా మందిని పరీక్షిస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనిపించింది. ఐదుగురిలో ఒకరు. మీ క్లాస్‌లో ఒక బెంచీ. కారణం మాత్రం తేలలేదు. కాబట్టి ఆ 'యూ' నిజాయితీగా పెట్టిందే. నా కోపం దాని మీద కాదు. దాన్ని వాడే పద్ధతి మీద.

ఎందుకంటే సీకేడీయూ అనేది తీసివేతల లెక్క. షుగర్ ఉందా, తీసెయ్. బీపీ ఎక్కువుందా, తీసెయ్. కిడ్నీలో రాళ్ళా, తీసెయ్. మిగిలినవాళ్ళు 'యూ'. ఇదే జబ్బు ఉన్న శ్రీలంకలో పెట్టుకున్న నిర్వచనం కొంచెం మెత్తనిది, మందు వాడనివాళ్ళకి బీపీ 160/100 లోపు ఉంటే 'యూ'లోనే ఉంచుతారు. గీత ఒక చోట గీస్తే మా పెదనాన్న లోపల, ఇంకో చోట గీస్తే బయట. పైగా మా నౌపడ ఉన్నది సంతబొమ్మాళి మండలంలో. ఏడు మండలాల గీతకి ఇవతల. గ్రాంట్ భాషలో దీన్ని 'స్టడీ ఏరియా' అంటారు. ఎక్కడో ఒక చోట గీయాలి, అది నాకర్థమవుతుంది. ఎక్సెల్ షీట్‌కి కూడా చివరి రో ఉంటుంది. కానీ ఆ చివరి రో కింద మా పెద్దమ్మ కూర్చుని ఉంది.

గ్రాంట్ భాషలో ఇంకో మాట, 'ఎక్స్‌ట్రామ్యూరల్'. ఐసీఎంఆర్ తన సొంత సంస్థల బయట ఇచ్చే డబ్బుకి ఆ పేరు. లాటిన్‌లో 'గోడ బయట' అని. ఆ డబ్బు తీసుకుని పని నడిపే మనిషి పీఐ, ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్. ఇన్వెస్టిగేటర్ అంటే పాత ఎంక్వైరీ వాసన ఇంకా ఉన్నట్టే. ట్రైనింగ్ వైపు జేఆర్‌ఎఫ్ ఉంది. ఎంబీబీఎస్ పిల్లలకి 1979 నుంచి రెండు నెలల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. మెడిసిన్ చదువుతూ ఇది చూస్తున్న శ్రీకాకుళం పిల్లలెవరైనా ఉంటే, దానికి అప్లై చేయండి, టాపిక్ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు మీకు.

రక్తం ఇచ్చేవాళ్ళని ఏమంటారో అది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఐసీఎంఆర్ నైతిక నియమాల పుస్తకం 2000లో వచ్చినప్పుడు టైటిల్ 'హ్యూమన్ సబ్జెక్ట్స్' మీద పరిశోధన. 2006లో సబ్జెక్ట్స్ పోయి 'పార్టిసిపెంట్స్' మీద. 2017లో ఆ 'మీద' కూడా పోయింది, పార్టిసిపెంట్స్ పాలుపంచుకునే పరిశోధన అయింది. పదిహేడేళ్ళలో రెండు మాటలు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పాలుపంచుకున్నవాడికి రిపోర్ట్ ఏమైందని అడిగే హక్కుంటుంది. సోంపేట వైపు మా చుట్టాల ఇళ్ళలో ఇప్పటికీ వినే మాట, "ఎంతమందో వొచ్చారు, రగతం తీసుకెళ్ళారు, మళ్ళీ సెప్పలేదు" అని. ఎవరొచ్చారో వాళ్ళకీ గుర్తులేదు.

ఈలోగా ప్రభుత్వం చేసింది లేదనను. 2019 నుంచి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి నెలకి 10,000 పెన్షన్. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్, హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తాగునీళ్ళు. కారణం తేలకపోయినా నీళ్ళు ఇవ్వడం నా దృష్టిలో సరైన పనే.

అయితే ఆ పెన్షన్ల లిస్టు తెరిచి చూస్తే నేను ఆగిపోయా. అందులో కాలమ్ పేరు సీకేడీయూ. డయాలసిస్ మీద ఉన్న సీకేడీయూ, డయాలసిస్ లేని సీకేడీయూ, క్రియాటినిన్ 5 దాటినవాళ్ళు, ఇలా. షుగర్ వల్ల కిడ్నీ పోయినా, బీపీ వల్ల పోయినా అందరూ ఆ పేరు కిందే. పరిశోధకులు అన్నీ తీసేయగా మిగిలినవాళ్ళకి పెట్టుకున్న పేరు, ఆఫీసుకొచ్చేసరికి అందరికీ పేరైపోయింది. అక్కడ 'యూ' అంటే అన్‌నోనూ కాదు, అన్‌డిటర్మిన్డూ కాదు, ఏమీ కాదు.

అంటే మా పెదనాన్నకి ఆసుపత్రి ఫైలులో కారణం బీపీ, క్వశ్చన్ మార్క్‌తో. పెన్షన్ కాగితంలో సీకేడీయూ. పెద్దమ్మకి ఫోన్ చేసి ఇది చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రొండిట్లో ఏది నిజిం బాబూ?" అంది. ఇంకా తేల్చలేదు పెద్దమ్మా, అన్నాను. "అయితే రొండూ దాస్తాను" అని, రెండు కాగితాలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పెట్టింది.

మీ ఇంట్లో ఇలాంటి ఫైలు ఉంటే ఎటియాలజీ దగ్గర ఏం రాశారో కామెంట్‌లో చెప్పండి, పేషెంట్ పేరు మాత్రం వద్దు. వచ్చే వారం నౌపడ–గుణుపూర్ రైలు. ఉంటాను.