టీకాకు చలువ, చలువకు కరెంటు

1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు మశూచి టీకా వేశారు. మన ఉపఖండంలో అదే మొదటిది. ఐసు దొరకని ఆ రోజుల్లో టీకా రసం ఎండకు పాడైపోయేది. అందుకే ఒకరి పొక్కులోంచి తీసిన రసాన్ని మరొకరి చేతికి, అక్కణ్నుంచి ఇంకొకరికి ఎక్కిస్తూ ఊళ్లు దాటించారు. పుణె, మద్రాసు, హైదరాబాదులకు టీకా అట్లాగే చేరింది. పసిపిల్లల ఒళ్లే దానికి నిల్వ గదులయ్యాయి.

పల్లెల్లో మాత్రం చాలాకాలం అమ్మవారు పోసిందనుకుని పోచమ్మకు బోనం ఎత్తడమే దిక్కు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కొలియర్ 1950లలో మశూచి మందును ఎండబెట్టి పొడిగా మార్చే పద్ధతిని కుదిర్చాక పరిస్థితి మారింది. ఆ పొడి నెలల తరబడి వేడిని తట్టుకునేది. 1975 మేలో దేశంలో చివరి కేసు నమోదైంది. ఆ గెలుపు ఊరూరా తిరిగి టీకాలు వేసినవాళ్లది. అయితే ఆ మందుకు ఫ్రిజ్ అక్కర్లేకపోవడానికీ అందులో పెద్ద వాటా ఉంది.

తర్వాతి టీకాలకు ఆ వెసులుబాటు లేదు. 1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయ్యాయి. పోలియో చుక్కలు వేడికి చెడతాయి. డీపీటీ, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే చెడతాయి. 2 డిగ్రీలకు తగ్గకూడదు, 8 దాటకూడదు. ఈ సన్నని హద్దును కాపాడటం ఏఎన్ఎంలు చేతులతో నేర్చుకున్న విద్య. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను వెంటనే క్యారియర్‌లో పెట్టరు. దానికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగుతారు. టీకా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే, ఆ సీసానూ కావాలని గడ్డకట్టించి కరిగించిన మరో సీసానూ కలిపి కుదిపి, పక్కపక్కన నిలబెట్టి, ఏది ముందు అడుగుకు పేరుతుందో చూస్తారు.

ఇంత జాగ్రత్తా చివరికి ఒక కరెంటు తీగకు వేలాడేది.

ఆ తీగ విషయంలో మన తెలంగాణలోని సిరిసిల్ల కథ వేరు. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ప్రయోగంగా ఎంచుకున్న అయిదు విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్లది ఒకటి. ‘సెస్’ పేరుతో 1970లో పుట్టిన ఆ సంఘంలో కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, పాలకవర్గాన్ని ఓట్లేసి ఎన్నుకునేదీ వాళ్లే. మరమగ్గాలకూ వ్యవసాయ బావులకూ తీగలు లాగిన సంఘం అది. అటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేటలో నిజాం చక్కెర కర్మాగారం ఉండేది. చెరకు పిప్పిని మండించి ఆవిరినీ కరెంటునూ తీయడం చక్కెర మిల్లులకు మామూలు పని. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. పైనుంచి వచ్చే లైను కోసమే కూర్చోకుండా శక్తిని తానే సమకూర్చుకున్న అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. అందుకే ఎండతో నడిచే సోలార్ ఫ్రిజ్ అనే ఆలోచన ఇక్కడికి పరాయిది కాదు.

కరెంటు కోతలకు మొదటి జవాబు ఐఎల్ఆర్. గోడల్లో మంచు పొర ఉండే ఆ ఫ్రిజ్‌కు రోజుకు 8 గంటల కరెంటు చాలు. అదీ లేనిచోట ఎండను నమ్ముకోవాలి. 1980ల మొదట్లోనే నాసా వాళ్ల లూయిస్ కేంద్రం పలు దేశాల్లో సోలార్ ఫ్రిజ్‌లను పరీక్షించింది. సోలార్ పలకలు నిలబడ్డాయి కానీ, బ్యాటరీలు కొన్నేళ్లకే చచ్చిపోయేవి. కొత్తవి కొనేందుకు ఆస్పత్రుల దగ్గర డబ్బు ఉండేది కాదు. 2010 ప్రాంతంలో నిలదొక్కుకున్న డైరెక్ట్ డ్రైవ్ పద్ధతి బ్యాటరీనే తీసేసింది. పగటి ఎండతో కంప్రెసర్ నడిచి మంచు పేరుస్తుంది, రాత్రంతా ఆ మంచే చలువ ఇస్తుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ, కాబట్టి పైన మంచు ఉన్నా అడుగున చేరిన నీరు 4 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. వేల్స్‌లో ఇయాన్ టాన్స్‌లీ తయారుచేసిన షూర్ చిల్ ఫ్రిజ్ ఈ ఒక్క గుణం మీద నడుస్తుంది. హైస్కూలు పాఠం పిల్లల ప్రాణాలు కాపాడే యంత్రమైంది!

మన పక్క రాష్ట్రంలో, మణిపాల్‌లో, యువ ఇంజినీర్లు పెట్టిన బ్లాక్‌ఫ్రాగ్ సంస్థ ఎమ్వోలియో అనే చేతి పెట్టెను చేసింది. బ్యాటరీతో 12 గంటలపాటు టీకాలను చల్లగా ఉంచి, చివరి ఊరిదాకా మోసుకుపోయే పెట్టె అది. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, సిరిసిల్లలో 2021లో మరొకటి వచ్చింది. ఇలాంటి పని తలకెత్తుకోవడానికి అవి సరైన చోట్లు. వేడి ప్రాంతాల ఫ్రిజ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 43 డిగ్రీల వేడిలో పరీక్షిస్తుంది. ఎండ లేకపోయినా కనీసం 3 రోజులు చలువ నిలవాలంటుంది. జగిత్యాల మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ఇక్కడ తయారయ్యే నమూనాను మొదట ఆ ఎండలో నిలబెట్టి చూడాలి, ముసురు పట్టిన శ్రావణంలో మళ్లీ ఒకసారి చూడాలి.