తెగిన చోటు ఎక్కడ?

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద, నిర్మల్ మీదుగా సుమారు 300 కిలోమీటర్లు. రైలెక్కితే మాత్రం ముందు మహారాష్ట్రలోకి వెళ్లి, కిన్వట్ దాటి, ముద్ఖేడ్ దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. నెట్‌వర్క్‌లో లోపం వెతికేవారికి ఈ రెండు దారుల తేడా పెద్ద పాఠం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 300 కిలోమీటర్లు పోయి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. దారిలోని రూటర్ల ఆలస్యం కలిపినా పది దాటనక్కర్లేదు. అదే పనిగా 50 కనిపిస్తోందంటే ఎక్కడో రద్దీ ఉండాలి, లేదా సమాచారం చుట్టుదారి పట్టి ఉండాలి.

ఈ కాలాన్ని కొలిచేది పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్, తన నెట్‌వర్క్ మొరాయిస్తే కారణం తెలుసుకోవడానికి ఒక్క సాయంత్రంలో రాసిన చిన్న ప్రోగ్రాం అది. కొన్నేళ్లకు వాన్ జాకబ్సన్ ట్రేస్‌రూట్ రాశాడు. నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే ముక్కలుగా పోతుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఒక అంకె ఉంటుంది. దారిలో ప్రతి రూటరూ అందులోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయిన చోట రూటరు ప్యాకెట్‌ను పారేసి, పంపినవారికి కబురు చేస్తుంది. ఆ అంకెను 1, 2, 3 అని పెంచుకుంటూ పోతే దారిలోని మజిలీలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మజిలీలు తెలుస్తాయి సరే, వాటి మధ్య తీగ ఏ చేను గట్టు పక్కన, ఏ కల్వర్టు కింద ఉందో ఈ ప్రోగ్రాంలు చెప్పవు. అది తెలియాలంటే ఆ తీగ చరిత్ర తెలియాలి. ఉత్తర తెలంగాణలో తీగ ఎప్పుడూ ఒంటరిగా నడవలేదు. మొదట బొగ్గు బండ్ల వెంట నడిచింది, ఇప్పుడు మంచినీళ్ల వెంట నడుస్తోంది.

నిజాం రైల్వే కాజీపేట–బల్లార్షా మార్గాన్ని 1929లో పూర్తిచేసింది. దాంతో ఢిల్లీ, మద్రాసు నగరాలు పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా కలిశాయి. పట్టాల పక్కనే తంతి స్తంభాలూ లేచాయి. లోపాన్ని దూరం నుంచే కొలవడం ఆ తంతి కాలం నాటి విద్యే. తీగ ఎక్కడో నేలకు తగిలి కరెంటు కారిపోతుంటే, ఇంజినీరు ఒక చివర కూర్చుని విద్యుత్ నిరోధాన్ని కొలిచి, లోపం ఎన్ని మైళ్ల దూరంలో ఉందో లెక్కగట్టేవాడు. వార్లే లూప్ పరీక్ష అంటే అదే.

తర్వాత కొన్నాళ్లు తీగతో పనిలేకుండా, 1980ల చివర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ జిల్లా కేంద్రాల కంప్యూటర్లను ఉపగ్రహం ద్వారా కలిపింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు పోయి, దిగి, బదులు మళ్లీ అదే దారిన రావాలి కాబట్టి జవాబుకు దాదాపు అరసెకను పట్టేది. దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తలుపులు తెరిచింది 1995 ఆగస్టు 15న. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు నాటి కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ, 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడు. అదే మంథని నియోజకవర్గంలోని అడవి శ్రీరాంపూర్‌లో 2024 డిసెంబరు 8న రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ ఇంటింటి ఇంటర్నెట్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. రాష్ట్రంలో ఎంపికైన మొదటి మూడు ఊళ్లలో అదొకటి. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేయడం ఈ పథకం ప్రత్యేకత. ఒక్క తవ్వకంతో రెండు పనులు కావడం మంచి ఆలోచనే. అయితే పైపు మరమ్మతుకు వచ్చిన జేసీబీ అదే కందకంలోని తీగను కూడా తెంపగలదు.

అలా తెగిన రోజు మీసేవ కేంద్రంలో జనం వరుసకట్టి ఉంటారు. "సార్, నెట్ వస్తలేదు" అని ఫోన్ వస్తుంది. గోడ మీది పెట్టెలో ఎర్రలైటు వెలిగిందంటే వెలుగు రావడం లేదని అర్థం. ఇక రూటరు సెట్టింగులు కెలకడం వృథా. ఓటీడీఆర్ అనే పరికరం తీగలోకి కాంతిని పంపి, తిరిగొచ్చిన మెరుపును బట్టి తెగిన చోటి దూరం చెబుతుంది. అది 11 కిలోమీటర్లు అంటే 11 కిలోమీటర్ల గాజు అని, నేల మీద అంత దూరం కాదు. ప్రతి జాయింటు గుంటలోనూ భవిష్యత్తు అవసరానికి కొన్ని మీటర్ల తీగ చుట్టి వదులుతారు. ఎన్ని గుంటలున్నాయో, ఎంత చుట్టి పెట్టారో తెలిసిన లైన్‌మన్ నేరుగా ఆ చోటికే వెళ్తాడు. తెలియనివాడు వంద మీటర్లు అటూ ఇటూ తవ్వుతాడు. చోటు దొరికాక పై తొడుగు ఒలిచి, స్పిరిటుతో తుడిచి, 125 మైక్రాన్ల మందం గాజు పోగులను యంత్రంలో ఎదురెదురుగా పెట్టి కరిగించి అతుకుతారు.

తీగ బాగున్నా నెట్‌వర్క్ కూలే సందర్భాలున్నాయి. ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చితే చాలు, సమాచారం గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోయి లైట్లన్నీ ఒక్కసారే మినుకుమంటాయి. దీనికి విరుగుడుగా 1985లో రాడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టింది. అదీ హద్దులున్నదే. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఆ హద్దు దాటి పెరిగి కూలింది. వైద్యులు దాదాపు నాలుగు రోజులు కాగితాల మీద పనిచేశారు.

అందుకే పెద్ద కార్యాలయాలు రెండో దారి పెట్టుకుంటాయి. పటంలో రెండు గీతలు కనిపించగానే నిశ్చింతగా ఉండకూడదు. రెండు కేబుళ్లూ గోదావరిని ఒకే వంతెన మీద దాటితే అవి ఒక్క దారి కిందే లెక్క. 2022 జూలై వరదల్లో మంచిర్యాల కాలనీలు మునిగాయి, కడెం ప్రాజెక్టు గండం అంచుదాకా వెళ్లింది. రెండో దారిని అలాంటి నీటిని దృష్టిలో పెట్టుకునే గీయాలి.

తవ్వకాలకు ముందు భూగర్భ తీగల సొంతదారులకు కబురు చేసేందుకు కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. పంచాయతీ కార్యదర్శులు, గుత్తేదారులు, బోరు వేయించే రైతులు తవ్వకం మొదలుపెట్టే ముందు అందులో వివరాలు నమోదు చేయాలి. తీగలు వేసిన సంస్థలు కూడా ప్రతి గుంటనూ, చుట్టి పెట్టిన ప్రతి మీటరునూ పటంలో రాసి ఉంచాలి.