108 బండి దక్షిణాదికి వచ్చిన వైనం

విరుదునగరంనుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోయే రహదారి ప్రక్కల పల్లెలలో, యింటిలో తెలుగే మాట్లాడుకొనే కుటుంబాలు యెన్నో వున్నవి. విజయనగర ప్రభువుల కాలంలోను, మధుర నాయకుల కాలంలోను తరలివచ్చినవారి సంతతి వారు. ఆ వలసల కథను తమిళంలో నవలగా వ్రాసిన కి. రాజనారాయణన్ (1923–2021) కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామస్థుడే. మన పూర్వులు తమ వెంట భాషను తీసుకొనిపోయారు. మన కాలంలో తెలుగునాట పుట్టి అక్కడికి పోయినది మరొకటి వున్నది. అదే 108 బండి. దాని చరిత్ర మన పిల్లలు తెలుసుకోదగినది.

గాయపడినవానిని వైద్యునివద్దకు మోసుకొనిపోవడం పాత పద్ధతి. వైద్యాన్నే అతనివద్దకు పంపడం తరువాత పుట్టిన ఆలోచన. 1792 ప్రాంతంలో ఫ్రెంచి సేనలోని లారే అనే శస్త్రవైద్యుడు తేలికపాటి గుఱ్ఱపుబండ్లను యుద్ధరంగానికే నడిపించాడు. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గులో ఫ్రీడం హౌస్ అనే సేవ మొదలయినది. ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ శిక్షణ యిప్పించాడు. నేటి పారామెడిక్కులకు వారు పెద్దన్నల వంటివారు.

మన దేశంలో 2005 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రంగా ఇ.యం.ఆర్.ఐ. సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవను ఆరంభించింది. 2008 సెప్టెంబరులో అది తమిళనాడుకు చేరినది. 2009 జనవరిలో స్థాపకుల సత్యం కంపెనీ కుప్పకూలినా బండ్లు మాత్రం ఆగలేదు, జి.వి.కె. సంస్థ ఆ భారం వహించింది.

బండిలో వుండేది యిద్దరే. నడిపేవానిని పైలట్ అంటారు. వెనుక కూర్చునేది టెక్నీషియన్. నర్సింగుగాని, జీవశాస్త్రాలుగాని చదివి, ప్రత్యేక శిక్షణ పొంది యీ పనిలో చేరుతారు. పగలు కొన్నాళ్లు, రాత్రి కొన్నాళ్లు, 12 గంటల కొలువు. రక్తం ఆపడం, విరిగిన యెముకకు బద్ద కట్టడం, ప్రాణవాయువు అందించడం, ఆగిన గుండెను నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కడం — యివన్నీ కదిలే బండిలో జరగవలసినవే. దారిలోనే కాన్పయితే బొడ్డు కోసేదీ ఆ చేతులే.

ఆ ప్రాంతంలో నిప్పు భయం యెక్కువ. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకు, విరుదునగరం జిల్లాలోని శివకాశి బాణసంచాకు ప్రసిద్ధి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగిన పేలుడులో 30 మందికి పైగా మరణించారు. కాలినచోట సిరా, పేస్టు పూయరాదు. 20 నిమిషాలు చల్లని నీరు పోయాలి. యీ చిన్న సంగతి యింటింటా తెలిస్తే టెక్నీషియన్ పని సగం తేలికవుతుంది.

యింత పని చేసేవారికి మన యిండ్లలో మర్యాద యేపాటిది? డాక్టరు అంటే లేచి కుర్చీ వేస్తాము. అంబులెన్సు వుద్యోగి అంటే సంబంధం మాట వచ్చినప్పుడు నసుగుతాము. వారిది ప్రభుత్వోద్యోగం కాదు, నిర్వహించే సంస్థ కొలువు. 2021లో వచ్చిన చట్టం వారి వృత్తిని వైద్యసంబంధ వృత్తులలో చేర్చి గుర్తించింది. చట్టం యిచ్చిన గౌరవాన్ని సంఘం కూడా యివ్వవలదా?

మరొక మాట. ప్రాణభయంలో మనిషి నోటికి వచ్చేది తల్లిభాషే. ఆ పల్లెలో మూలుగుతున్న ముసలమ్మను, తమిళంలో చదువుకొన్న మనపిల్లవాడు "నొప్పి యాడవ్వా?" అని అడిగితే, మందుకన్న ముందు ఆ మాట పనిచేస్తుంది. మన పిల్లలకు తెలుగు నేర్పడానికి యింతకంటె మంచి కారణం వెదకనక్కరలేదు.

రోడ్డుమీద పడినవానికి సాయపడితే చిక్కులు వస్తాయని వెనుకాడవద్దు. సద్బుద్ధితో సాయపడినవారికి 2019 మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించింది. యీ ఉగాదినాడు మన పిల్లలలో ఒకరిద్దరయినా యీ వృత్తివైపు చూస్తే, వారిని ఆశీర్వదించి పంపుదాము.