వాల్తేరు మెట్ట నుంచి కొండకరకం దాకా



మా హాస్టల్లో ఇంటర్ పూర్తయిన ప్రతి పిల్లా నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంది. "మేడమ్, డిగ్రీకి ఎక్కడికి వెళ్లాలి? వెళ్తే ఎక్కడ ఉండాలి?" మొదటిదానికి జవాబు చెప్పడం తేలిక. రెండోదానికి కాస్త చరిత్ర తెలియాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు అణచివేతకు గురై అప్పటికి రెండేళ్లే. మొదట బెజవాడలో ఉన్న విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. ఆనాటి వాల్తేరు విశాఖపట్నానికి శివారు, సముద్రం ఒడ్డున మెట్ట ప్రాంతం. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ పేర్లు మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు.

అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. గొప్ప దానమే, కాదనను. కానీ ఆ లక్ష ఎక్కడి నుంచి వచ్చింది? జయపురం జమీ అంటే చాలావరకు నేటి కోరాపుట్ కొండలే. కోందులు, పోర్జాలు, గదబలు బతికే నేల అది. వాళ్లు దున్ని కట్టిన శిస్తు ఆ డబ్బులో ఉంది. ఆ గోడల్లో మన చెమట ఉంది. ఆ బెంచీల మీద మన పిల్లలు కూర్చోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

విశ్వవిద్యాలయం వస్తే చుట్టూ ఉన్న ఊరు మారుతుంది. పెదవాల్తేరు, మద్దిలపాలెం వీధుల్లో అద్దె గదులు, మెస్సులు, జిరాక్సు షాపులు చూస్తే మీకే తెలుస్తుంది. విద్యార్థుల మీద ఊరు, ఊరి మీద విద్యార్థులు ఆధారపడి బతుకుతారు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం విద్యార్థులు, విశాఖ జనం కలిసి రోడ్డెక్కారు. నవంబరు 1న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి.

అయితే ఊరు అందరినీ ఒకేలా చూడదు. నేను బీఈడీ చదవడానికి పట్నం శివారుకు వచ్చినప్పుడు, స్నేహితురాలూ నేనూ గది వెతుక్కున్నాం. ఒకింట్లో అద్దె కుదిరాక "మీదే ఊరమ్మా?" అని అడిగారు. చెప్పాం. "మా చుట్టాలొస్తున్నారు, గది ఇవ్వలేం" అన్నారు. మర్నాడు కూడా టులెట్ బోర్డు అలాగే ఉంది. అదే వీధిలో మెస్సు నడిపే ఆవిడ మాత్రం "స్కాలర్‌షిప్ వచ్చాక ఇద్దువులే తల్లీ" అని మూడు నెలలు అన్నం పెట్టింది.

తర్వాతి ఇంట్లో మేం ఊరి పేరు మార్చి చెప్పాం. గది దొరికింది. నన్ను చూడ్డానికి వస్తానన్న నాన్నని ఆ ఏడాదంతా ఏదో సాకు చెప్పి రావద్దన్నాను. ఆ జయపురం లక్ష సంగతి నాకప్పుడు తెలియదు. తెలిస్తే తల దించుకునేదాన్ని కాదేమో.

2019లో మన పేరుతోనే కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట్లో దాని బాధ్యత చూసింది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. విజయనగరం శివారు కొండకరకంలో తాత్కాలిక క్యాంపస్‌లో తరగతులు మొదలయ్యాయి. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత క్యాంపస్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. అక్కడా గదులు వెలుస్తాయి, మెస్సులు వెలుస్తాయి. అక్కడ మనవాళ్లు మట్టి మోసే కూలీలుగానే మిగిలిపోకూడదు. విద్యార్థులుగా, అధ్యాపకులుగా, మెస్సు యజమానులుగా కూడా ఉండాలి.

అందుకే చెబుతున్నాను. ఇంటర్ రెండో ఏడాదిలోనే సీయూఈటీకి దరఖాస్తు పెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి ఉంచుకోండి. మొదట హాస్టల్ సీటు అడగండి. గది తీసుకోవాల్సి వస్తే ఇద్దరు కలిసి వెళ్లండి, ఇచ్చిన డబ్బుకి రసీదు తీసుకోండి. ఎవరైనా "మీదే ఊరు?" అంటే ఉన్న పేరే చెప్పండి. నాన్న వస్తానంటే రమ్మనండి.