రేగడి నేలమీద కాంక్రీటు బడి

మన పూర్వులు విజయనగర, మధుర నాయకుల కాలములలో దక్షిణమునకు వచ్చి, కోయంబత్తూరు, మధుర సీమలలో రేగడి నేలలు చూచి నిలిచిపోయిరి. ఉడుమలైపేట ప్రాంతమున ప్రత్తి పండించి మనలను నిలబెట్టినది ఆ నేలయే. కాని దానికొక దుర్గుణము కలదు. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. పై పునాదితో లేపిన గోడ దానితోపాటే కదలును.

మేము రైల్వే గుమాస్తాలమే కాని ఇంజనీర్లము కాము. అయినను చిన్నతనమున మేము చదివిన బడి గోడలోని పగులు నేటికిని మరువలేదు. వేసవిలో అందులో పెన్సిలు దూరెడిది. వానకాలమున దానంతటదే మూసుకొనెడిది.

పూర్వము అరుగుమీద ఇసుకలో అక్షరములు దిద్దించిరి. పిమ్మట పెంకుటిండ్లు, కలిగినచోట మద్రాసు మిద్దెలు వచ్చినవి. మిద్దెకు టేకు దూలములపై ఇటుకలను నిలువున పేర్చి సున్నముతో బిగింతురు. దూలమెంతో గది వెడల్పంతే. పిల్లలు పెరిగినను గది పెరగదు!

1934లో మదుక్కరైలో సిమెంటు కర్మాగారము వెలసినది. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు: ఇదియే పూర్వము వాడుకలో నుండిన కొలత. కాంక్రీటు ఎంత బరువునైనను మోయును గాని సాగదీసిన ఓర్వదు. గోడ నుండి గోడకు పరచిన కప్పు నడుమ వంగినపుడు అడుగుభాగమే సాగును. కనుక ఇనుపకడ్డీలు అక్కడ అడుగున ఉండవలెను. మేస్త్రీ ఏమరి వాటిని పైకి వదలిన, ఇనుము ఖర్చు వృథా. పోసిన పిదప దినదినము తడుపవలెను. 28 దినముల బలమునే లెక్కకు తీసికొందురు.

కప్పు ఏదైననేమి అనువారు 2004లో కుంభకోణమున ఆకుల కప్పంటుకొని 94 మంది పసివారు బలియైన సంగతి తలచుకొనవలెను.

రేగడికి మందు లోతే. స్తంభములను గట్టినేల వరకు దింపి, పైన దూలములతో కట్టవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన స్తంభములను రూపొందించిరి.

ధనము మాటకు వచ్చిన, పీళమేడులో పి. యస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని అయిదు భాగములు చేసి, అయిదవది ధర్మమునకు విడిచిరి. సర్వజన పాఠశాల అంతకు రెండేండ్ల ముందే, 1924లో, వెలసినది. దాతల పేర్లు పాలరాతిమీద చెక్కుదురు. పునాది లోతు ఎవరును చెక్కరు.

మా బడిని పడగొట్టి కట్టునాడు మేమును చూడబోతిమి. గుంటలో దిగిన కూలీ తల పైకి కనబడలేదు. అడుగున మొరము తగిలిన తరువాతనే మేస్త్రీ కంకర దింపనిచ్చెను.